వర్లిన్‌ను తీసుకోని నేల

మా చెల్లెలు డోవీ మొగుడు వర్లిన్‌ని అతని సొంత తమ్ముడు థర్మనే పాడుచేశాడు. చంపాడని కాదు. చావు గుండెపోటుతో దానంతటదే వచ్చింది. ఆ తర్వాత జరిగిందంతా థర్మన్ మంచితనం. చెడ్డవాడు చేసిన పనైతే నాలుగు తిట్టి ఊరుకోవచ్చు. మంచికని చేసినవాణ్ణి ఏమనాలో తెలియక నేను ఇప్పటికీ అతన్ని తిడుతూనే ఉన్నాను.

అన్నదమ్ములిద్దరూ వడ్రంగులు, ఇళ్ళకు చెక్క చట్రాలు నిలబెట్టే పని. ఆ చలికాలం మా కొండల్లో పని దొరక్క, సముద్రం వైపు మైదానంలోకి వెళ్ళారు. అక్కడ మధ్యాహ్నం గోడవారన కూర్చుని రొట్టె తింటూ వర్లిన్ పక్కకు ఒరిగాడు. ఆస్పత్రికి చేరేసరికే అయిపోయింది. సరిగ్గా ఆ వారమే మా వైపు మంచువాన కురిసింది. కురిసింది కురిసినట్టే కొమ్మల మీద గడ్డకట్టి, ఆ బరువుకి చెట్లు తీగల మీద కూలాయి. ఫోను లేదు, కరెంటు లేదు, డోవీ ఉండే లోయలోకి దారీ లేదు. థర్మన్ ఫోన్ చేసి చేసి విసిగిపోయాడట. ఈలోగా ఆ ఊళ్ళో శవాల్ని సిద్ధం చేసి అప్పగించే ఫ్యూనరల్ హోమ్ మనిషి, మేం చెయ్యాల్సింది కానిచ్చెయ్యమంటారా అని అడిగాడట. థర్మన్ కానివ్వమన్నాడు. మా అమ్మ చూసుకోవాలి, కాస్త బాగా కనిపించేలా చెయ్యండి అని కూడా చెప్పాడు.

మా దగ్గర చావు జరిగితే ఇలాంటి పనులన్నీ ఇంట్లో మగవాళ్ళు గుట్టుగా చక్కబెట్టేస్తారు. ఏడుస్తున్న ఆడదాన్ని పట్టుకుని పెట్టె ఎలాంటిది కావాలి, బట్టలేం తొడగాలి అని అడగడం మోటుతనం. తెరిచిన పెట్టెలో మనిషి కళకళలాడుతూ ఉండాలి. ఊరంతా వచ్చి, ఎంత బాగున్నాడో, నిద్రపోతున్నట్టే ఉన్నాడు అనాలి. అనకపోతే ఆ ఇంటికి నామోషీ. అందుకని థర్మన్ కొత్త సూటు కొని తొడిగించాడు, జుట్టు దువ్వించాడు. వాళ్ళు వర్లిన్ ఒంట్లో రక్తమంతా తీసేసి, శరీరం కుళ్ళకుండా మందెక్కించారు.

అదొక్కటీ చెయ్యకూడదు. ఎందుకు చెయ్యకూడదో తెలియాలంటే ఆ అడవి సంగతి చెప్పాలి.

డోవీ ఇంటికి పైన ఒక కొండవాలు ఉంది. ఒకప్పుడు కలప కంపెనీ మోడులు తప్ప ఏమీ మిగల్చకుండా నరికిపారేసిన నేల. కొందరు కలిసి దాన్ని కొని, ఇంకెప్పుడూ అక్కడ ఎవరూ చెట్టు కొట్టకూడదు, ఇల్లు కట్టకూడదు, దున్నకూడదు అని కట్టడి చేశారు. శ్మశానాన్ని ఎవరూ నరకలేరు, దున్నలేరు కాబట్టి, ఆ కట్టడి నిలబడేది అక్కడ పాతిన మనుషుల వల్లే. శవాన్ని దుప్పట్లో చుట్టి, లేదంటే పాలిష్ పెట్టని చెక్కపెట్టెలో పెట్టి, నడుము లోతు గోతిలో దించుతారు. మందు ఉండకూడదు, సిమెంటు ఉండకూడదు, నున్నటి సమాధి రాయి ఉండకూడదు. వాగులో దొరికిన బండ ఒకటి తలవైపు పెడతారు, అంతే. మూడేళ్ళు తిరిగేసరికి పైన మొక్కలు కమ్మేసి అక్కడ మనిషున్నాడని కూడా తెలియదు.

నాకది మొదట్నుంచీ గిట్టదు. చర్చి పక్కన మా వాళ్ళందరూ వరసగా, పేర్లతో సహా పడుకుని ఉంటే, కుక్కని పాతినట్టు పొదల్లో పాతడమేమిటని డోవీ మొహం మీదే అన్నాను. కానీ అది డోవీ కోరిక కాదు. దాని ఒక్కగానొక్క కూతురు టాన్సీ కోరిక. ఆ పిల్ల సెలవుల్లో ఆ వాలు మీద చెట్లని చుట్టుకుని చంపే తీగలు పీకడానికి వెళ్ళేది. పందొమ్మిదేళ్ళకి రక్తంలో కేన్సర్ వచ్చింది. ఆస్పత్రిలో జుట్టంతా రాలిపోయి, పుల్లలా పడుకుని, వాళ్ళ నాన్నతో అన్న మాట నేను విన్నాను.

"ఇప్పటికే ఒంటినిండా మందులే నాన్నా. పోయాకైనా ఏ మందూ లేకుండా పడుకోబెట్టు."

టాన్సీ గొయ్యి వర్లిన్ ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా తనే తవ్వాడు. అడుగున పైన్ కొమ్మలు పరిచాడు. పిల్లని తనే దించాడు, తనే మన్ను కప్పాడు. ఆ తర్వాత అక్కడ ఎవరిని పాతినా గొయ్యి తవ్వేది అతనే. ఆ నేలని చూసుకునే ఎల్డన్‌తో కలిసి తవ్వేవాడు. ఎవరైనా మందెక్కించిన శవాన్ని తీసుకొస్తే, టోపీ తీసి చేతిలో పట్టుకుని, కుదరదండీ అని చెప్పేదీ అతనే. టాన్సీకి అటొక చోటు, ఇటొక చోటు తమ ఇద్దరి కోసం అట్టేపెట్టుకున్నారు. కూతురు పోయాక మా డోవీ ప్రాణం నిలుపుకుందంటే ఆ రెండు చోట్లని చూసుకునే. ఎప్పటికైనా ముగ్గురం ఒక్కచోటే కదా అక్కా అనేది. ఆ మాట అన్నప్పుడు మాత్రమే దాని మొహం కాస్త తేటపడేది.

కబురు మోసుకుని పోలీసు అబ్బాయి కూలిన చెట్లు దాటుకుంటూ కాలినడకన వచ్చాడు. డోవీ ఏడవలేదు. ఎప్పుడు తీసుకొస్తారని అడిగింది. దారి కొట్టించుకుని నేను వెళ్ళేసరికి, పొయ్యి మీద ఇస్త్రీపెట్టె కాచుకుని తెల్ల నూలు దుప్పటి ఇస్త్రీ చేస్తోంది. ఎల్డన్‌కి చెప్పేశానక్కా, పైన ఆకులు ఊడ్చి చోటు చూస్తున్నాడు అంది. ఓర్ఫా ముసలమ్మని, అంటే వర్లిన్ తల్లిని, ఎవరో తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. శవాన్ని కడగడానికని డోవీ గిన్నెలో నీళ్ళు కూడా పెట్టుకుంది.

శవం బండి వచ్చింది. థర్మన్ ముందు దిగి, తలుపు తీసి, ఫ్యూనరల్ హోమ్ మనిషితో కలిసి మెరిసే ఇనప పెట్టెని హాల్లోకి తెచ్చాడు.  మూత తీశాడు. వర్లిన్ నిజంగానే బాగున్నాడు, అబద్ధమెందుకు చెప్పాలి. పెళ్ళినాడు కూడా అంత బాగాలేడు. డోవీ వంగి చెంప తాకి, చెయ్యి వెనక్కి తీసుకుంది. పెదవి తాకింది. చొక్కా గుండీ విప్పి, మెడ దగ్గర మందెక్కించిన చోట వేసిన కుట్టు చూసింది.

"ఇదేంటి థర్మన్?"

"అమ్మ చూడాలని వదినా. బాగా చేశారు కదా?"

అతనికి గుర్తే లేదు. టాన్సీని ఆ అడవిలో పెట్టడం చిన్నపిల్ల సరదా అనుకున్నాడు. అన్నయ్య మాత్రం ఎలాగూ చర్చి దగ్గరికి, నాన్న వరసలోకే వస్తాడనుకున్నాడు. అడిగి ఉండాల్సింది. అడగడం మోటుతనమని అడగలేదు.

డోవీ ఫ్యూనరల్ హోమ్ మనిషి వైపు తిరిగింది. ఎక్కించినదాన్ని దించెయ్యండి అంది, ఏదో మామూలు పని చెప్పినట్టు. అది కుదరదమ్మా అన్నాడతను. పోనీ ఆయన రక్తం ఎక్కడుందో చెప్పండి, నేనొచ్చి తెచ్చుకుంటాను అంది. ఆ మనిషి నేల చూపులు చూశాడు. అది అక్కడే కాలవలోకి పోతుందమ్మా అని గొణిగాడు. డోవీ మెల్లగా వెళ్ళి మెట్టు మీద కూర్చుంది. దాని ఒళ్ళో ఆ ఇస్త్రీ దుప్పటి ఉంది. నాకు థర్మన్ చెంప పగలగొట్టాలనిపించింది, కానీ అతని మొహం చూస్తే ఎవరో అప్పటికే ఆ పని చేసినట్టుంది.

ఎల్డన్ బురద బూట్లతోనే కొండ దిగి వచ్చాడు. వర్లిన్‌తో కలిసి ఎన్ని గోతులు తవ్వాడో ఆ మనిషి. సంగతి విని ముఖం రెండు చేతుల్లో కప్పుకుని ఏడ్చాడు. ఏడ్చినా, కాదనే అన్నాడు. టాన్సీ ఉన్న వాలుకి కిందే ఊట ఉంది, ఆ నీళ్ళు కింద ఇళ్ళవాళ్ళు తాగుతారు. పైగా ఆ నేలకి మొదట రాసుకున్న కట్టడే అది. డోవీ అతని చెయ్యి పట్టుకుంది.

"ఎవరికి తెలుస్తుంది ఎల్డన్? సూటు విప్పేసి దుప్పట్లోనే చుడతాను. ఇక్కడున్న మనం తప్ప ఎవరికీ తెలీదు."

"వర్లిన్ వెనక్కి పంపినవాళ్ళకి తెలుస్తుంది డోవీ. తల్లి శవాన్ని తెచ్చిన ఆ టీచరమ్మ కొడుకులు వాకిట్లో మోకాళ్ళ మీద పడ్డారు. వర్లిన్ వాళ్ళతో పాటే ఏడ్చాడు గానీ, రానివ్వలేదు. ఇప్పుడు ఆయన్ని పెడితే వాళ్ళ మొహం నేనెలా చూడను?"

నేను ఊరుకోలేదు. ఆ అడవంటే గిట్టని దాన్ని, ఆ అడవిలో చోటు కోసం ఎల్డన్‌తో కుక్కలా పోట్లాడాను. అంత కొండ ఒక మనిషి ఒంట్లో మందుకి చచ్చిపోతుందా, అది అడవా లేక పసిపిల్లా అన్నాను. మీ మనుషులకంటే మీ ఆకులు ఎక్కువా అన్నాను. అతను తలొంచుకుని పడ్డాడు. చివరికి ఒకటే దారి ఉందన్నాడు. దహనం చేస్తే బూడిదని తీసుకోవచ్చు, టాన్సీ పక్కనే పెట్టుకోవచ్చు. ఆ మాట అంటున్నప్పుడు అతను ఓర్ఫా వైపు చూడలేకపోయాడు.

ఎందుకంటే వర్లిన్ తండ్రి పొగాకు ఎండబెట్టే కొట్టంలో నిప్పంటుకుని కాలిపోయాడు. అప్పుడు వర్లిన్ చిన్నపిల్లాడు, బయట నిలబడి ఆ అరుపులు విన్నాడు. పెద్దయ్యాక ఇంట్లో కట్టెల పొయ్యి డోవీయే ముట్టించాలి. అగ్గిపుల్ల గీసిన చప్పుడికి కూడా ఆ మనిషి పక్క గదిలోకి వెళ్ళిపోయేవాడు. నన్నేం చేసినా సరే, నిప్పులో మాత్రం పెట్టొద్దు అని డోవీ చేత ఎన్నోసార్లు మాట తీసుకున్నాడు.

 దహనం అన్న మాట వినగానే ముసలమ్మ కర్రతో నేల మీద కొట్టింది.

"ఒకడు కాలితే చూశాను. రెండోవాణ్ణి కాలుస్తానంటే, ముందు నన్ను అందులో పడేసి, తర్వాత కాల్చుకోండి."

నిప్పులో వెయ్యడానికి మాట అడ్డం. మన్నులో పెట్టడానికి మందు అడ్డం. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు, మా డోవీకి ఆ గొయ్యి కూడా లేకపోయింది. ఇక మిగిలింది చర్చి పక్కన, పెట్టె దించడానికి గోతిలో అమర్చే సిమెంటు తొట్టి. వర్లిన్ అక్కడ, టాన్సీ ఇక్కడ. మధ్యలో ఒక కొండ, ఒక వాగు. వాళ్ళిద్దర్లో ఎవరి పక్కన తను పడుకోవాలో ఇప్పుడు డోవీ ఎంచుకోవాలి. ఆ ఆలోచన దానికి ఎప్పుడు తట్టిందో నేను చూశాను. కాఫీ కప్పు నోటి దాకా తీసుకెళ్ళి, తాగకుండా కింద పెట్టేసింది. 

మర్నాడు పొద్దున్నే థర్మన్ కనిపించలేదు. వాకిట్లో వర్లిన్ గునపం, పార కూడా లేవు. డోవీ కోటు కూడా వేసుకోకుండా కొండెక్కింది, వెనకే నేను రొప్పుకుంటూ ఎక్కాను. టాన్సీ పక్కన థర్మన్ తొడల లోతు గోతిలో ఉన్నాడు. పైన నేల గడ్డకట్టుకుపోయింది కాబోలు, అరచేతులు చిట్లి గునపం కర్రంతా రక్తం. ఎల్డన్ ఒడ్డున నిలబడి ఉన్నాడు, ఆపడం లేదు, చెయ్యి కలపడం లేదు.

"ఎవరొద్దన్నా పెడతాను వదినా," అన్నాడు థర్మన్ తల ఎత్తకుండా. "నేను పాడుచేశాను, నేనే బాగుచేస్తాను. అడ్డమొస్తే వాళ్ళనీ పాతిపెడతా."

ఎల్డన్ డోవీతోనే మాట్లాడాడు. తవ్వుకోనీ, నేను పోలీసుల్ని పిలవను అన్నాడు. "కానీ ఇందులో పెడితే ఇవాళ కాకపోతే రేపు మళ్ళీ పైకి తియ్యాలి డోవీ. తీసేది నేనే. టాన్సీ పక్కన మన్ను తవ్వి, వర్లిన్‌ని బయటికి లాగే పని నా చేత చేయించకు."

టాన్సీ మీద మన్ను ఎప్పుడో నేలమట్టమైపోయింది. మంచులోంచి ఫెర్న్ ఆకులు రెండు మూడు పచ్చగా తొంగిచూస్తున్నాయి. డోవీ వాటివైపు చాలాసేపు చూసింది. వద్దంటుందని నాకు తెలుసు, అయినా ఆ క్షణంలో కానివ్వమంటే బాగుండునని దేవుణ్ణి మొక్కుకున్నాను.

"పూడ్చెయ్ థర్మన్," అంది.

అతను పూడ్చనన్నాడు. గోతిలోనే కూలబడి, రక్తం చేతులతో ముఖం కప్పుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. డోవీ పైకి రమ్మంది, రాలేదు. అప్పుడది మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో మన్ను తోయడం మొదలుపెట్టింది. మన్ను అతని భుజాల మీద పడుతోంది, అతను కదలడు, ఇది ఆపదు. ఇద్దరికీ మతి పోయిందనుకున్నాను. ఎల్డన్ దిగి థర్మన్‌ని చంకలకింద పట్టుకుని పైకి లాగాడు. తర్వాత నలుగురం కలిసి పూడ్చాం. ఒక మనిషి కోసం తవ్విన గొయ్యిని మనిషి లేకుండా పూడ్చడం నేను అదే మొదటిసారి చెయ్యడం. చేతులు ఎంతో తేలిగ్గా కదిలాయి, లోపల మాత్రం ప్రాణం పోయినట్టుంది.

చర్చి దగ్గర అంతా పద్ధతిగానే జరిగింది. పాస్టరు బాగా మాట్లాడాడు. తవ్విన మన్ను కనపడకుండా పచ్చ ప్లాస్టిక్ గడ్డి తివాచీ కప్పారు. జనం వరసగా వచ్చి, నిద్రపోతున్నట్టే ఉన్నాడు అని డోవీ చెయ్యి నొక్కి వెళ్ళారు. మరలతో పెట్టెని సిమెంటు తొట్టిలోకి దించి, పైన సిమెంటు మూత వేశారు. ఆ మూత పడ్డ చప్పుడు నాకు పళ్ళలో తెలిసింది. డోవీ పార అడిగింది. మీరు వెళ్ళాక యంత్రం వచ్చి కప్పుతుందమ్మా, మీకెందుకు శ్రమ అన్నాడు అక్కడి మనిషి. ఊళ్ళో సగం మందిని తన చేత్తో కప్పిన వర్లిన్ మీద పెళ్ళాం గుప్పెడు మన్ను వెయ్యడానికి కూడా చోటు లేకపోయింది.

జనం పల్చబడ్డాక థర్మన్ దగ్గరికొచ్చాడు. చేతులకి కట్లు. సమాధి రాయికి చెప్పేశాను వదినా అన్నాడు. మంచి రాయి, ఇద్దరికీ కలిపి ఒకటే. అన్నయ్య పేరు ఒకవైపు, నీ పేరు ఒకవైపు, పోయిన తేదీ కోసం మాత్రం ఖాళీ ఉంచమన్నాను. మా దగ్గర అందరూ చేసేదే అది. మళ్ళీ అడక్కుండానే చేశాడు. నాకు ఒళ్ళు మండింది కానీ, డోవీ గొంతు మాత్రం చల్లగా వచ్చింది.

"నా పేరు తీసెయ్యమను."

"వదినా, అన్నయ్య ఒక్కడే అయిపోతాడు."

"పిల్లా ఒక్కతే ఉంది థర్మన్. ఆయన పెద్దవాడు, చెబితే అర్థం చేసుకుంటాడు. దానికి నేను వస్తానని మాటిచ్చాను."

తర్వాత ఆ పచ్చ తివాచీ అంచున నిలబడి, గోతిలోకి చూస్తూ, "వర్లిన్, నేనిక్కడికి రాను," అంది. "కోపం తెచ్చుకోకు. ముప్ఫైయేళ్ళు నీ పక్కనే పడుకున్నాను. దాని పక్కన ఎవరూ లేరు."  థర్మన్ తన కట్టు చేతుల్నే చూసుకుంటున్నాడు. నేను దాన్ని పట్టుకుందామని ఒక అడుగు వేశాను.

కర్ర చప్పుడు వినిపించింది. ఓర్ఫా కుర్చీలోంచి లేచి, ఎవరి చెయ్యీ అందుకోకుండా, కాళ్ళ కింద కుంగే ఆ తివాచీ మీద నడిచి వచ్చింది.

"రాయి వెనక్కి పంపకు," అంది కొడుకుతో. "ఆ రెండో వైపు నా పేరు చెక్కించు."

థర్మన్‌కి అర్థం కాలేదు. నీ పేరు నాన్న రాయి మీద ఎప్పుడో చెక్కారు కదమ్మా అన్నాడు. నిజమే, నాలుగు వరసల అవతల ఆ రాయి కనిపిస్తూనే ఉంది, ఆమె పేరూ, పుట్టిన ఏడూ, పక్కన ఖాళీ.

"ఉంటే ఉండనీరా. మీ నాన్న యాభై ఏళ్ళ బట్టీ ఒక్కడే పడుకున్నాడు, అలవాటైపోయుంటది. వీడు మొన్నటిదాకా పెళ్ళాం పక్కన పడుకున్నవాడు, ఒక్కడూ ఉండలేడు." తర్వాత డోవీ భుజం మీద చెయ్యి వేసింది. "నువ్వు పో తల్లీ. నీ పిల్ల దగ్గరికి నువ్వు పో. నా పిల్లాణ్ణి నేను చూసుకుంటాను."

కబురు వచ్చినప్పటినుంచీ కంటతడి పెట్టని మా డోవీ అప్పుడు ఆ ముసలమ్మ కోటు పట్టుకుని ఏడ్చింది. ఊరికి వినిపించేలా ఏడ్చింది. మన్ను కప్పే యంత్రం వాడు కొంచెం దూరంలో ఇంజను ఆపుకుని, మేం వెళ్ళేదాకా కాచుకుని ఉన్నాడు.